పిల్లర్ల కింది సడక్ – మన బస్టాపులు

(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఇటువంటి సభలలో సాధారణంగా చదువు గురించి, కట్నాల దురాచారం గురించి, వితంతువుల పింఛన్ల గురించి మాట్లాడుకుంటాము. అవన్నీ మాట్లాడుకోవలసినవే. అయితే ఈసారి మేము ఎన్నుకున్న విషయం వింటే కొందరికి నవ్వు రావచ్చు. ఆ విషయం బస్టాపు. సంక్షేమ సంఘానికి బస్టాపుతో ఏం పని అని మీరు అడగవచ్చు. మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ చౌరస్తా దాకా పోయే మన సడక్ సంగతి కాస్త ఓపిగ్గా వింటే, ఆ పని ఏమిటో మీకే తోస్తుంది.

మేము ఉర్దూ చెప్పుకునే పంతుళ్ళము కాబట్టి పేర్లతోనే మొదలు పెడతాము. మెహదీపట్నం అనే పేరు మెహదీ నవాజ్ జంగ్ గారి మీదుగా వచ్చిందని చెబుతారు. 1960లో గుజరాత్ రాష్ట్రం ఏర్పడినప్పుడు దానికి మొట్టమొదటి గవర్నరు అయినది ఆయనే. కొంచెం ముందుకు వస్తే రేతీబౌలి. రేతి అంటే ఇసుక, బౌలి అంటే మెట్ల బావి. పక్కనే లంగర్ హౌజ్. హౌజ్ అంటే నీళ్ళు నిలవ చేసే తొట్టి, కొలను. ఆ తరువాత మూసీ దాటితే అత్తాపూర్, హైదర్‌గూడ, ఉప్పర్‌పల్లి, శివరాంపల్లి. చిట్టచివర ఆరాంఘర్. ఆరాం అంటే విశ్రాంతి, ఘర్ అంటే ఇల్లు. నీళ్ళున్న చోటు, నీడ ఉన్న చోటు, నడుము వాల్చే చోటు – ఇవీ మన దారి వెంట ఉన్న పేర్లు. అంటే పూర్వులు దారికి పేరు పెట్టేటప్పుడు, అక్కడ మనిషికి ఏమి దొరుకుతుందో చూసి పెట్టారన్న మాట.

ఇప్పుడు అదే దారిలో ఇంటి అడ్రసు అడగండి. "పిల్లర్ నంబరు ఇంత దగ్గర దిగండి" అంటారు. శుభలేఖల మీద పిల్లర్ నంబరు. దవాఖానా బోర్డు మీద పిల్లర్ నంబరు. బిర్యానీ హోటలు పాంప్లెటు మీద కూడా పిల్లర్ నంబరే. మెహదీపట్నం వైపు ఒకటితో మొదలై ఆరాంఘర్ వైపు పెరుగుతూ పోయే నంబర్లు. మేము దీనిని ఎగతాళి చేయడం లేదు. కొత్తవారికి ఇల్లు కనుక్కోవడం తేలికే అయింది. కాని బావి, కొలను, విశ్రాంతి గృహం పోయి సిమెంటు స్తంభం మిగిలిందంటే, దారి స్వభావమే మారిందని అర్థం.

ఎట్లా మారిందో కొంచెం వివరంగా చెప్పుకుందాము.

ఈ రోడ్డు పక్క ఊళ్ళు ఒకప్పుడు నగరం అంచున ఉన్న పల్లెలు. పొలాలు, తోటలు, మూసీ ఒడ్డున కూరగాయల మళ్ళు. రాజేంద్రనగర్‌లో 1964లో వ్యవసాయ విశ్వవిద్యాలయం వచ్చింది. శివరాంపల్లిలో పోలీసు అకాడమీ ఉంది. ఉద్యోగాలకు పోయేవారు, కూరగాయల గంపలతో మండీకి పోయేవారు, బడి పిల్లలు – అందరూ ఒకే బస్సు. మా చిన్నతనంలో కూడా బస్టాపు అంటే రేకుల షెడ్డు కాదు. ఏ వేప చెట్టు కిందనో, ఏ చాయి హోటలు ముందరో జనం నిలబడితే అదే బస్టాపు. బస్సు ఆలస్యమైతే హోటలువాడు పిల్లలకు మంచినీళ్ళు ఇచ్చేవాడు. ఏ ఇంటి ఆడపిల్ల ఏ బస్సుకు వెళ్ళింది, ఏ బస్సుకు తిరిగి వస్తుంది అన్నది అక్కడ కూర్చున్న పెద్దలకు తెలిసేది. ఇది కాపలా అనుకోండి, ఆప్యాయత అనుకోండి, ఆ ధైర్యంతోనే ఎందరో తల్లిదండ్రులు కూతుళ్ళను దూరం బడికి పంపించారు.

ఇక బస్సు సంగతి. మన హైదరాబాదులో బస్సు ఏ ప్రైవేటు షావుకారో ఇచ్చిన బిచ్చం కాదు. 1932 జూన్ 15న నిజాం సర్కారు రైల్వే శాఖ కింద 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో ప్రభుత్వ బస్సులు మొదలైనవి. 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ ఏర్పడింది. తెలంగాణ రాష్ట్రం వచ్చిన తరువాత ఇక్కడి సంస్థ వేరుపడింది. తొంభై ఏండ్ల పైబడి బస్సు ప్రజల ఆస్తిగానే నడిచింది. కాబట్టి బస్సు ఎక్కడ ఆగాలి అని అడగడం మనకున్న హక్కు. ఈ మాట గుర్తుంచుకోండి, చివర మళ్ళీ అవసరం పడుతుంది.

2008 మార్చిలో విమానాశ్రయం బేగంపేట నుంచి శంషాబాదుకు మారింది. నగరం నడిబొడ్డు నుంచి శంషాబాదుకు వేగంగా పోవడానికి మన సడక్ మీదుగా, నట్టనడుమ పిల్లర్లు వేసి, పైన ఎక్స్‌ప్రెస్‌వే కట్టారు. పొడవు సుమారు 11.6 కి.మీ. మాజీ ప్రధానమంత్రి పి.వి. నరసింహారావు గారి పేరు పెట్టి 2009 అక్టోబరు 19న ప్రారంభించారు. దేశంలోకెల్లా పొడవైన ఫ్లైఓవరు అని ఆ రోజులలో గొప్పగా చెప్పుకున్నారు. మెహదీపట్నంలో ఎక్కిన కారు గంటకు 60 కి.మీ. వేగంతో పోతే పన్నెండు నిమిషాలలోపే ఆరాంఘర్‌లో దిగుతుంది. అక్కడ బెంగుళూరు హైవే కలుస్తుంది. వెనుక ఏడో నంబరు జాతీయ రహదారి అనేవారు, 2010లో నంబర్లు మార్చినప్పటి నుంచి 44వ నంబరు.

ఈ పన్నెండు నిమిషాలు ఎవరివి? కారు ఉన్నవారివి. ఆ పై రోడ్డు మీదికి స్కూటరు, మోటారు సైకిలు, ఆటో ఎక్కకూడదు. మన బస్తీలలో ఎక్కువ మందికి ఉన్నవి ఆ మూడే. అవీ లేనివారికి బస్సు. వీధి వీధికీ ఆగవలసిన సిటీ బస్సు కిందనే పోవాలి కదా. అంటే పై రోడ్డు దాటిపోయేవారిది, కింది రోడ్డు ఉండేవారిది. ఇందులో తప్పు లేదు. కాని కట్టేటప్పుడు లెక్కలన్నీ దాటిపోయేవారి వైపు నుంచి వేశారు, ఉండేవారి వైపు నుంచి వేయలేదు. మేము చెప్పదలచుకున్నది ఇంతే. మిగిలినదంతా దీని వివరణే.

ఒక చిన్న సంగతి గమనించండి. మన దేశంలో బండ్లు ఎడమ పక్కన పోతాయి. కాబట్టి బస్సులో పోయివచ్చే ప్రతి మనిషీ పోయేటప్పుడు రోడ్డుకు ఒక పక్క ఎక్కుతాడు, వచ్చేటప్పుడు రెండో పక్క దిగుతాడు. అంటే ఇల్లు ఏ వైపు ఉన్నా సరే, రోజుకు ఒక్కసారైనా రోడ్డు దాటక తప్పదు. కారువాడికి ఈ బాధ లేదు. యూ-టర్ను తీసుకుంటాడు, ఇంటి ముందు దిగుతాడు. కాబట్టి బస్టాపు అంటే ఒక చోటు కాదు, రెండు చోట్లు, వాటి మధ్య ఒక దాటే దారి. ఈ మూడూ కలిస్తేనే బస్టాపు. దాటే దారి తీసేసి రెండు షెడ్లు వేసినంత మాత్రాన అది బస్టాపు కాదు, ఏటికి ఇరుపక్కలా రెండు గుడిసెలు వేసినట్టు!

పూర్వం సన్నని రోడ్డు. అటు ఇటు చూసి, చేయి అడ్డం పెట్టి దాటేవారు. ఇప్పుడు వెడల్పయింది, వేగం పెరిగింది, నడుమ పిల్లర్లు, డివైడరు, కొన్ని చోట్ల ఇనుప కడ్డీలు. సందు ఉన్న చోటనే దాటాలి. ఆ సందు బండ్లు తిరగడానికి పెట్టినది, మనుషులు దాటడానికి పెట్టినది కాదు. పైగా పిల్లరు వెనుక నుంచి వచ్చే బండి పిల్లవాడికి కనపడదు, పిల్లరు పక్కన నిలబడ్డ పిల్లవాడు బండివాడికి కనపడడు. ముసలివారికైతే ఆ రోడ్డు దాటడం వరద ఏరు దాటినంత పని.

బస్టాపుల సంగతీ అంతే. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు చెట్లు పోతాయి, ముందరి దుకాణాలు పోతాయి, చాయి హోటళ్ళు పోతాయి. ఎక్కడైనా జరిగేదే. కాని మన పాత బస్టాపులు నిలబడ్డదే ఆ చెట్ల మీద, ఆ హోటళ్ళ మీద. అవి పోగానే బస్సు ఎక్కడ ఆగాలో బస్సువాడికీ తెలియదు, జనానికీ తెలియదు. ట్రాఫిక్‌కు అడ్డమని ఒక చోటి నుంచి ముందుకు జరుపుతారు, ఇంకో చోటి నుంచి వెనక్కు జరుపుతారు. జరిపేవారికి అది నాలుగు వందల మీటర్లు. పటం మీద చూస్తే వేలి గోరంత కూడా ఉండదు.

ఆ నాలుగు వందల మీటర్లనే లెక్కల ప్రశ్నగా చేసుకుందాము. ఒక అమ్మాయికి బస్టాపు 400 మీటర్లు దూరమైంది. పోయేటప్పుడు 400, వచ్చేటప్పుడు 400, మొత్తం రోజుకు 800 మీటర్లు. బడి సంవత్సరానికి 220 రోజులు నడుస్తుందనుకుంటే, ఆ అమ్మాయి సంవత్సరంలో అదనంగా ఎంత దూరం నడుస్తుంది? జవాబు 176 కి.మీ. అంటే సుమారుగా హైదరాబాదు నుంచి నిజామాబాదుకు నడిచి వెళ్ళినంత. భుజాన సంచీతో, మే నెల ముందు ఎండలో, జూలై వానలో. ఇదీ పటం మీద గోరంత జరిపిన దాని ఫలితం.

ఇది అందరి పిల్లలకూ ఉన్న కష్టమే కదా, మన సంఘం ప్రత్యేకంగా ఎందుకు చెప్పుకోవాలి అంటారా? కారణం ఉంది. తెలుగు మీడియం, ఇంగ్లీషు మీడియం బడులు గల్లీకి ఒకటి ఉంటాయి. ఉర్దూ మీడియం హైస్కూళ్ళు తక్కువ, ఒకదానికొకటి దూరం. జూనియర్ కాలేజీలైతే మరీ తక్కువ. బస్తీలో ప్రైమరీ బడి ముగించిన పిల్ల పై చదువుకు బస్సు ఎక్కక తప్పదు. ఆటోకు నెలకు డబ్బు పెట్టే స్తోమత ఉన్నవారు ఎందరు? అందుచేత చదువు కొనసాగుతుందా లేదా అన్నది ఒక్కోసారి పిల్ల తెలివి మీద కాక, బస్టాపు ఎక్కడున్నదన్న దాని మీద ఆధారపడుతుంది. మగపిల్లవాడు ఎట్లాగో వేలాడుతూ పోతాడు. ఆడపిల్ల విషయంలో మాత్రం ఇంట్లో పెద్దలు, "చీకటి పడ్డాక ఆ పిల్లర్ల కింద ఒంటరిగా నిలబడొద్దు, చదివింది చాలు" అంటారు. ఆ మాట అన్న తండ్రిని మేము నిందించలేము. దీపం లేని బస్టాపు దగ్గర కూతురిని నిలబెట్టమని ఏ తండ్రికి చెప్పగలము? కాబట్టి తండ్రిని మార్చడం కంటే ముందు ఆ దీపం వెలిగించడం మన పని.

2023 డిసెంబరు 9 నుంచి మన రాష్ట్రంలో మహిళలకు, బాలికలకు ఆర్టీసీ ఆర్డినరీ బస్సులలో ప్రయాణం ఉచితమైంది. మన తల్లులకు, చెల్లెళ్ళకు ఇది పెద్ద మేలు. గుర్తింపు కార్డు చూపిస్తే జీరో టిక్కెట్టు ఇస్తారు. దవాఖానాకు పోవడం మానుకున్న ఆడవారు మళ్ళీ పోతున్నారు, పుట్టింటికి వెళ్ళి వస్తున్నారు, కుట్టుపనికి దూరం వెళ్ళగలుగుతున్నారు. కాని ఒక్క మాట. టిక్కెట్టు ఉచితమైంది, బస్టాపు దాకా చేరడం మాత్రం ఉచితం కాలేదు. బస్టాపు దూరమై, దాటే దారి లేక, షేర్ ఆటోకు ఇరవై రూపాయలు పెట్టి బస్టాపుకు చేరితే, అక్కడ ఉచిత బస్సు ఎక్కి ఏం లాభం? ప్రభుత్వం ఇచ్చిన మేలు మన గడప దాకా రావాలంటే మధ్యలో ఉన్న ఆ నాలుగు వందల మీటర్లు సరి చేయాలి.

మేము రోడ్డుకు వ్యతిరేకులం కాము, ఈ విషయంలో అపార్థం వద్దు. ఏటా హజ్‌కు పోయే మన బంధువులు నాంపల్లి హజ్ హౌస్ నుంచి బయలుదేరి శంషాబాదు పోయేది ఈ దారినే. నెత్తి మీదుగా హాజీల బస్సులు పోతుంటే కింద నిలబడి దువా చేసేవారిలో మేమూ ఉన్నాము. అర్ధరాత్రి రోగిని తీసుకుని పోయే బండికి ఆ పై రోడ్డు వరమే. దుకాణాలు పెరిగాయి, జాగాల ధరలు పెరిగాయి, కొన్ని కుటుంబాలు బాగుపడ్డాయి. అద్దెకుండేవారికి మాత్రం ఆ ధరలే భారమైనవి. మంచి చెడ్డలు రెండూ ఉన్నాయి. మంచిని ఒప్పుకుని, చెడ్డను దిద్దుకోమని అడగడం న్యాయమే.

మన దీన్ ఈ విషయంలో ఏం చెబుతుందో కూడా చూడాలి. దారిలో పడి ఉన్న హాని చేసే వస్తువును తొలగించడం ఈమాన్ శాఖలలో ఒకటని మన ప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) బోధించారు. దారుల పక్కన కూర్చోకుండా ఉండలేమని సహాబాలు విన్నవించుకుంటే, అట్లయితే దారికి దాని హక్కు ఇవ్వండి అని చెప్పి, చూపు వంచుకోవడం, ఎవరికీ బాధ కలిగించకపోవడం, సలాముకు బదులు చెప్పడం మొదలైనవి ఆ హక్కులని వివరించారు. దారికి హక్కు ఉంటుందన్న మాట ఎంత గొప్పదో ఆలోచించండి. పదునాలుగు వందల ఏండ్ల కిందటే మనకు ఈ పాఠం చెప్పబడింది.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. కాబట్టి ముందు మన వైపు చూసుకుందాము. ఫుట్‌పాత్ మీద దుకాణం సామాను పరిచేది ఎవరు? బస్సు ఆగే చోట మోటారు సైకిలు నిలబెట్టి నమాజుకు పోయేది ఎవరు? బస్టాపు షెడ్డు మీద ట్యూషన్ పోస్టర్లు, హకీముల పోస్టర్లు అంటించేది ఎవరు? పెళ్ళి బరాతు రాత్రి రోడ్డంతా ఆపేది ఎవరు? బస్సు నడిరోడ్డు మీద ఆగితే డ్రైవరును తిడతాము, పక్కకు ఆపుదామంటే జాగా మన బండ్లే తిన్నాయి. దారి హక్కు ఇవ్వనివారు దారి మీద హక్కు అడగడం శోభించదు.

ఇక ఏం చేయాలి? అడగందే అమ్మయినా పెట్టదంటారు. అయితే అడిగే తీరు ఉంటుంది. "మా బస్టాపు బాగు చేయండి" అని నాలుగు ముక్కలు రాసి ఇస్తే అది ఫైలులో పడి ఉంటుంది. సంఘం ముందు మేము నాలుగు పనులు మనవి చేస్తున్నాము.

మొదటిది, లెక్క తీయడం. ఒక వారం రోజులు ప్రతి సభ్యుని ఇంట్లో పిల్లలే ఒక నోటుబుక్కులో రాయాలి. ఇంటి నుంచి బస్టాపుకు ఎన్ని అడుగులు, రోడ్డు ఎక్కడ దాటారు, ఎంతసేపు నిలబడ్డారు, బస్సు ఆగిందా ఆగకుండా పోయిందా. ఇవన్నీ ఒక్కచోట చేరిస్తే ఏ పిల్లరు దగ్గర దాటే దారి కావాలో, ఏ బస్టాపు ఎక్కడికి జరగాలో కాగితమే చెబుతుంది.

రెండవది, ఆ కాగితాన్ని సరైన చోటికి చేర్చడం. బస్సు ఆగడం గురించి ఆర్టీసీ డిపోకు, షెడ్డు, దీపం, ఫుట్‌పాత్ గురించి మునిసిపల్ కార్పొరేషనుకు, దాటే దారి, సిగ్నలు గురించి ట్రాఫిక్ పోలీసులకు. మూడు చోట్లకూ ఒకే కాగితం పోవాలి. ఒకరికి ఇస్తే, అది మా పని కాదు అని రెండోవారి మీద చెబుతారు. మన సంఘం ఒక్కటే వెళ్ళవద్దు. అత్తాపూర్, ఉప్పర్‌పల్లి వైపు ఉన్న హిందూ సోదరుల కాలనీ సంఘాలనూ కలుపుకుని వెళ్ళాలి. ఎండ, వాన, బస్సు అందరికీ ఒకటే.

మూడవది, మన చేతిలో ఉన్న పని. బడి వేళకు, బడి వదిలే వేళకు ఇద్దరిద్దరు యువకులు జెండా పట్టుకుని పిల్లలను, వృద్ధులను రోడ్డు దాటించాలి. ఉదయం అరగంట, సాయంత్రం అరగంట. చందాలు అవసరం లేదు, రసీదు బుక్కులు అవసరం లేదు. మసీదులో పేర్లు రాసుకుంటే వారానికి ఒక్కొక్కరికి ఒక్క వంతు వస్తుంది.

నాలుగవది పేర్లు. బస్టాపు బోర్డు మీద పిల్లర్ నంబరు ఉండనివ్వండి, దానితో పాటు ఊరి పేరు కూడా ఉండాలని అడుగుదాము. తెలుగులో, దానితో పాటు ఉర్దూలో కూడా. 2017లో మన రాష్ట్ర శాసనసభ ఉర్దూను రాష్ట్రమంతటా రెండవ అధికార భాషగా చేసింది. చట్టం పుస్తకంలో ఉంది, బోర్డు మీదికి రావాలి. బోర్డు మీద ఉన్న తన ఊరి పేరు కూడబలుక్కుని చదివే పిల్లవాడికి అదే మొదటి వాచకం.

ఈ పని ఇప్పుడే ఎందుకంటే, ఇది ఒక్క రోడ్డుతో ఆగేది కాదు. 2025 జనవరి 6న ఆరాంఘర్ నుంచి జూపార్క్ వరకు సుమారు 4 కి.మీ. పొడవున ఇంకొక ఫ్లైఓవరు తెరిచారు. తాడ్‌బన్, హసన్‌నగర్ వైపు ఉన్న మనవారు ఇప్పుడు ఆ పిల్లర్ల కింద నిలబడుతున్నారు. నగరం పెరిగే కొద్దీ ఇంకా వస్తాయి. మన రోడ్డు మీద 2009లో పై రోడ్డు తెరిచినప్పుడు కింది రోడ్డు గురించి అడిగినవారు తక్కువ. అక్కడ పదిహేను ఏండ్లు ఆగవలసిన పని లేదు. మన లెక్కల కాగితం చూపించి వారికి కూడా దారి చూపవచ్చు.

సోదరులారా, ఆరాంఘర్ పేరు పెట్టిన వారెవరో మనకు కనపడరు. కాని బాటసారికి ఒక క్షణం విశ్రాంతి దొరకాలన్న ఉద్దేశం మాత్రం ఆ పేరులో ఇంకా ఉన్నది. ఒక నీడ, ఒక బెంచీ, ఒక దీపం, భయం లేకుండా దాటే ఒక దారి – బస్టాపుకు ఇవి నాలుగూ ఉంటే చాలు. ఇవి ఉన్న చోట ఆడపిల్ల చదువు ఆగదు, తల్లి మందులు ఆగవు, తాత జుమా నమాజు ఆగదు. కార్యవర్గం వారు ఈ నాలుగు పనులను వచ్చే సంవత్సరపు కార్యక్రమంలో చేర్చవలసిందిగా కోరుతున్నాము. పేర్లు రాసుకునే పుస్తకం బయట బల్ల మీద ఉన్నది. యువకులు పోయేటప్పుడు ఒక్క నిమిషం అక్కడ ఆగండి.